అట్టమీది పసుపు

నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టేసినాను. బడి కూడా నన్ను ఆపలేదు, ఇద్దరం మర్యాదగానే విడిపోయినాం. ఆ తర్వాత నా దగ్గర మిగిలిన పుస్తకం ఒక్కటే, ఒక బొమ్మల కథల మాసపత్రిక మొదటి సంచిక. చిత్తూరు బస్టాండు కాడ పాత పేపర్ల అంగట్లో చిన్నప్పుడు దొరికింది. అది ఇప్పుడు ఎవరి దగ్గరా లేదంట. తిరుపతిలో నా ఆటో ఎక్కిన ఒకాయన, ఇట్లాంటివి ఏరి దాచుకునేవాడు, ఫోన్లో దాని ఫోటో చూసి సీటు అంచుకు వచ్చేసినాడు. "దీన్ని బాగుచేయించి పెట్టుకోండి సార్" అన్నాడు. నన్ను సార్ అనింది ఆ పుస్తకం పుణ్యమే.

బాగుచేయించాల్సిన పనైతే ఉండాది. కాగితం వక్కపొడి రంగుకు తిరిగి, తాకితే అంచులు రాలిపోతా ఉండాయి. పిన్నులు తుప్పు పట్టినాయి. అట్టకు నాలుగు మూలలా పసుపు, నడిమధ్యలో రాక్షసుడి బొమ్మ నుదుట కుంకుమ.

ఆ పసుపు కుంకుమ మా ఇంటామె పని. ఒక ఆయుధ పూజ నాడు నేను ఆటో కడుక్కోని వచ్చేసరికి స్పానర్లు, జాకీ, కత్తిపీట, గ్యాసు పొయ్యి అన్నిటికీ పసుపు పెట్టేసి, చేతిలో గిన్నె పట్టుకోని నిలబడుండాది.

"ఏమయ్యా, అందరిండ్లలో పుస్తకాలు కూడా పెడతారు. మనింట్లో సరస్వతికి ఏం సూపించేది?"

"ఆటో ఆర్సీ ఉండాది కదా, అది పెట్టు."

ఆమె నా మాట వినే రకం కాదు. బీరువా తెరిచి ఈ పుస్తకం తెచ్చి పెట్టేసింది. మా పాప చదువు అప్పటికింకా పలక దాటలేదు.

"రాక్షసుడికి బొట్టు పెట్టినావేందే?" అన్నాను.

"మనింట్లో ఉన్నాక ఎట్లాంటోడికైనా పెట్టాల్సిందే. నీకు పెట్టలా?"

అనేసి ఆటోకు కూడా పసుపు పెట్టేదానికి బయటికి పోయింది.

మరుసటి ఆయుధ పూజకు ఆమె లేదు. కడుపులో గడ్డ అన్నారు. ఆసుపత్రిలో నేను నర్సుల్ని కూడా నవ్విస్తానే ఉన్నాను. చివర్లో ఒకనాడు ఆమె నవ్వడానికి ఓపిక లేక, చాలన్నట్టు చెయ్యి ఊపింది. ఆ పొద్దు నుంచి ఆసుపత్రిలో నోరు మూసుకున్నాను.

చీరలు ఆమె అక్కచెల్లెళ్ళు తీసుకున్నారు. ఆటో మీద ఆమె పెట్టిన పసుపు మొదటి వానకే పోయింది. పుస్తకం మీద మాత్రం ఉండాది. కింది మూలలో అయితే వేలిగీతలు కూడా కనిపిస్తాయి. గిన్నెలో పసుపు కొంచెం గట్టిగా కలిపినట్టుండాది ఆ పొద్దు.

మా పాప ఇప్పుడు ఇంటర్ చదువుతా ఉండాది. మొన్న ఒకసారి ఆ పుస్తకం తెరిచి చదవబోతే ఒక పేజీ చివర విరిగి ఆమె ఒళ్ళో పడింది. "నాయనా, ఇది ఇట్లే ఉంటే పొడైపోతుంది. యాడన్నా ఇచ్చి బాగుచేయించు" అనింది.

చిత్తూరులో ఒక భాయ్ ఉండాడు, తాతల నాటి నుంచి బైండింగ్ పనే. పుస్తకాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకోని చూసినాడు. కాగితంలో యాసిడ్ పుట్టి పులిసిపోయుండాదని, పేజీలు విప్పి సున్నపుతేటలో ముంచితే ఆ పులుపు దిగిపోతుందని, వెనక పల్చటి కాగితం అంటిస్తే మనవళ్ళు కూడా చదువుకోవచ్చని చెప్పినాడు.

"మరి పసుపు?"

"పసుపు నీళ్ళకు పోయేదైతే మా పెండ్లిండ్లలో ఇన్ని చొక్కాలు పాడయ్యేవా అబ్బా? ఉండు, ఒక చుక్క వేసి చూస్తాం."

పై మూల మీద బ్రష్షుతో సున్నపుతేట ఒక్క చుక్క వేసినాడు. ఇద్దరం వంగి చూస్తా ఉంటే పసుపు ఎర్రగా తిరిగిపోయింది.

పసుపులో సున్నం కలిస్తే ఎరుపొస్తుందని మా పక్క చంటిపిల్లకు కూడా తెలుసు. కొత్త పెండ్లికూతురు గడప తొక్కేముందు తిప్పి పోసే దిష్టి నీళ్ళు అవే కదా. మా ఇంటామెకు మా అమ్మ తిప్పి పోసింది కూడా అవే. నాకు తెలుసు, భాయ్‌కీ తెలుసు. పుస్తకం అనేసరికి ఇద్దరం ఇంట్లో తెలిసిన సంగతి ఇంట్లోనే వదిలేసి వచ్చినాం.

భాయ్ బ్రష్షు కింద పెట్టేసినాడు. "ఇది మీ ఇంటామె పెట్టిందా?" అని మెల్లగా అడిగినాడు. తలూపినాను.

"భాయ్, దిష్టి తీసినాక నీళ్ళు రోడ్డు మీద పోస్తారు కదా. దీన్నేం చేయాల?" అన్నాను. ఆయన నవ్వలేదు. నాకు కూడా నవ్వు రాలేదు.

"అట్ట ముట్టుకోకుండా లోపలివి మాత్రం చేయలేవా?"

"పిన్ను తీస్తే అట్ట మడత కాడ రెండు ముక్కలైతుంది. అతికించాలంటే తడి తగలాల. తగిలితే పసుపు పాకి ఆ వేలిగీతలు చెదిరిపోతాయి. పుస్తకం కావాలా, పసుపు కావాలా, నువ్వే చెప్పాల."

టీ తెప్పించినాడు. అది చల్లారేదాకా కూర్చున్నాను. తర్వాత "ఏం చేయొద్దులే" అన్నాను. ఆయన రెండు అట్టముక్కల మధ్య పెట్టి, తెల్లగుడ్డ చుట్టి ఇచ్చినాడు. "ఇంక తెరవాకు. ఎండ తగలనీయాకు, పసుపు ఎండకు నిలవదు" అన్నాడు. అంటే చదవకూడదు, చూడనూ కూడదు.

ఇంటికొచ్చి బీరువాలో పెట్టినాను. పాప చూస్తా నిలబడింది.

"అయితే ఇంక చదవనే కూడదా?"

"కూడదు."

"మరి దేనికి నాయనా అది?"

బీరువా తలుపు మూసి కింద కూర్చున్నాను.

"సరేలే, కథన్నా చెప్పు" అనింది పక్కన కూర్చోని.

చెప్పడం మొదలుపెట్టినాను. రాక్షసుడికి మా ఆటో స్టాండు ప్రెసిడెంటు గొంతు పెట్టినాను. పాప కొంచెం నవ్వింది. నవ్వి, "అమ్మకు తెలుసా ఈ కథ?" అనింది.

"తెలీదు. పూజలో పెట్టిందే గాని లోపల ఏముందని ఎప్పుడూ అడగలా. నేను కూడా, ఎప్పుడో ఒకప్పుడు చెప్దాంలే అనుకున్నా."

నేను మళ్ళీ అందుకున్నాను. రాజు ఏరు దాటి రాక్షసుడి గుహ కాడికి పోయినాడు. లోపల ఎవరో ఏడుస్తా ఉండారు. ఎవరనేది నాకు గుర్తు రాలేదు. తెరిచి చూస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోయేదే.

ఇద్దరం బీరువా వైపు చూసినాం. ఎవరం లేవలేదు.