బల్లకి అవతలి వైపు

ఆ వీధిలో అందరూ ఆయన్ని ఉలి తాత అంటారు. చెక్కలో బుద్ధుణ్ణి చెక్కడం తప్ప నలభై ఏళ్లుగా మరో పని ఎరగడు. బల్లకి ఒకే వైపు నిలబడీ నిలబడీ, ఆ చోట నేల రెండు పాదాల మేర గుంట పడింది.

నిరుడు జబ్బు చేసి కుడిచేతి పట్టు పోయింది. బల్లకి బిగించిన బుద్ధుడు సగంలో ఆగాడు. ముఖం అయింది, ఉలిని చేత్తో తోస్తూ వస్త్రం మడతలు తీసే సన్నపని మిగిలింది. అది చెయ్యగలిగితే తనింకా పనివాడే. లేకపోతే గోడలు చూస్తూ కూర్చోవాలి.

నాలుగు నెలలు పనికిరాని చెక్కల మీద ఎడమచేతికి పని నేర్పాడు. తీరా బొమ్మ మీద పెడితే, రెండో మడతలోనే ఉలి చెక్క నారకి ఎదురు తగిలి, బుద్ధుడి మోచేతి దగ్గర పెచ్చు ఎగిరిపోయింది.

"ఏమైంది?" అంది ముసలామె, చేతిలోని గరుకు కాగితం ఆపి. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ బొమ్మల్ని నున్నగా రుద్దే పని ఆమెదే.

"ఈ చేతికి బుద్ధి లేదు."

"చేతికి లేకపోతే తలకైనా ఉండాలిగా."

ఆయన ఉలి కింద పెట్టాడు. గురువు ఇచ్చిన పాత బుద్ధుడు అలమరలో ఉన్నాడు. రోజూ పొద్దున్న చేసేట్టే దాని ఎదుట కూర్చుని ఊపిరి మీద మనసు పెట్టాడు. కళ్లు మాత్రం వస్త్రం మీదే నిలిచాయి. రొమ్ము మీద తిన్నగా దిగింది, మోచేతి దగ్గర వంగింది, మోకాళ్ల మీద పరుచుకుంది. గుడ్డ ఒక్కటే. ఒంటితో ఎక్కడా పేచీ పెట్టుకోలేదు.

చాలాసేపటికి లేచి, బల్ల చుట్టూ తిరిగి అవతలి వైపు నిలబడ్డాడు.

"దారి తప్పారా? మీ చోటు ఇటు."

"చెయ్యి మారిందే. నేనే పాత గుంటలో నిలబడ్డాను. ఇటునుంచి తోస్తే ఉలి నార వెంటే పోతుంది."

"నేను నలభై ఏళ్లు మొత్తుకున్నా ఒక్కనాడూ కదల్లేదు. నోరు మెదపకుండానే కదిలించాడే ఆ అలమరలో మహానుభావుడు."

ఉలి కింద పొట్టు సన్నగా చుట్టలు చుట్టుకుంటూ లేచింది. పెచ్చు పోయినచోట మడతని లోతు చేసి, పక్క మడతల్ని దానికి తగ్గట్టు దించాడు. మూడు వారాలు పట్టింది.

ముసలామె రుద్దుతుంటే మోచేతి దగ్గర వేలు లోపలికి దిగింది. "ఇక్కడ లోతెక్కువైంది."

"బుద్ధుడు చెయ్యి వంచాడుగా, గుడ్డ లోపలికి పోదూ?" అని, కొత్త దుంగకి ఒక కొస పట్టమన్నాడు. తను రెండో కొస పట్టుకుని బల్లకి అవతలి వైపుకి నడిచాడు.