మదీనాగూడ నుంచి నార్సింగి దాకా, ఎర్రదీపంతో

శనివారం పొద్దున ఐదూ నలభైకి మదీనాగూడలో బయలుదేరాం. పోవలసింది కోకాపేట. ఆ వేళకు కారులో అయితే అరగంట, లోడు లారీలో గంట, మధ్యలో టిఫిను ఉంటే ఇంకో అరగంట. మేము కోకాపేట చేరలేదు. పాత లారీతో ఆ దారిన వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నాకు మాత్రం ఇక దేనికీ పనికిరాదు.

లారీ మా ఓబులేసు బావది, అంటే మా అక్క భర్తది. అనంతపురం జిల్లాలో నార్పల దగ్గర వాళ్ళ ఊరు. ముప్పై ఏళ్ళు ఇతరుల బండ్లు తోలాడు. ఓబులేసు చేతిలో ఇంజిన్ చెడదని అక్కడి ఓనర్లు ఇంటికొచ్చి మరీ తాళాలు ఇచ్చేవారు. మూడు నెలల కిందట, జీవితంలో మొదటిసారి, సొంతానికి ఒక ఆరు చక్రాల పాత లారీ కొన్నాడు. వారానికోసారి చీనీకాయలు వేసుకొస్తాడు. ఇక్కడివాళ్ళు వాటినే బత్తాయిలంటారు. శుక్రవారం రాత్రి మా ఇంట్లో పడుకుని, శనివారం కోకాపేటలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ గేటు దగ్గర అమ్ముకుని ఊరికి పోతాడు.

ఆ వారం అక్క ఫోన్ చేసింది. "మీ బావ బండిలో ఏదో ఎర్రలైటు వస్తాందంట. నువ్వొకసారి చూడు రా. ఇట్లాంటివి నీకు బాగా తెలుసు కదా" అంది. నాకేం తెలుసు, నా మొహం! నేను గచ్చిబౌలిలో ఒక కంపెనీలో సర్వర్లకు కాపలా కాసే ఉద్యోగిని. స్క్రీన్ మీద రోజంతా ఎర్ర హెచ్చరికలు వస్తుంటాయి. పదొస్తే తొమ్మిది ఉత్తుత్తివే. వాటి నోరు నొక్కేయడమే మా పనిలో సగం. అయినా తగుదునమ్మా అని "నేను చూస్తాలే అక్కా" అన్నాను.

బయలుదేరే ముందు ఇంజిన్ ఆయిల్ పుల్ల తీసి చూశాను. గుర్తు దాకా నిండుగా ఉంది. ఆయిల్ మాత్రం బెల్లం పాకంలా చిక్కగా ఉంది. చిక్కగా ఉంటే మంచిదేగా అనుకున్నాను. బావ తాళం తిప్పగానే నూనెడబ్బా బొమ్మ ఉన్న ఎర్రదీపం, అంటే ఆయిల్ ప్రెషర్ దీపం, వెలిగింది, ఇంజిన్ అందుకోగానే ఆరిపోయింది.

"చల్లగా ఉన్నప్పుడు ఏం రాదబ్బా. వేడెక్కినాక సిగ్నల్ కాడ నిలబెడితే వస్తాది" అన్నాడు బావ.

"ఆయిల్ నిండా ఉంది బావా. ఇంక ప్రెషర్ ఎందుకు తగ్గుతుంది?" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

ఆరు గంటలకు హఫీజ్‌పేట వంతెన దిగిన చోట ఒక సెక్యూరిటీ గార్డు చేయెత్తాడు. అరవై ఏళ్ళుంటాయి, చేతిలో టిఫిను డబ్బా. గచ్చిబౌలిలో పగటి డ్యూటీ అట. బావ ఎక్కించుకున్నాడు. శనివారం కాబట్టి ఆఫీసు బస్సులు లేవు, కొండాపూర్ దాకా రోడ్డు ఖాళీగానే ఉంది. కొత్తగూడ సిగ్నల్ దగ్గర ఆగాం. ఇంజిన్ వేడెక్కింది కదా, దీపం మినుకుమినుకుమని చివరికి నిలకడగా వెలిగింది.

"గా ఎర్రదీపమేంది బిడ్డా? ఎప్పటి సంది ఎలుగుతున్నది?" అన్నాడు గార్డు.

"పది దినాలైతాంది" అని బావ యాక్సిలరేటర్ కాస్త నొక్కాడు. దీపం ఆరింది.

"నేను సుత జీపు నడిపినోన్నే. గది ఎలిగితే ఆగుమని జెప్పుడు. జర ఎవలికన్న చూపియ్యిండ్రి."

"సెన్సర్లంతే పెద్దాయనా, ఊరికే వెలుగుతుంటాయి" అని నేను నవ్వాను.

"ఏమో సార్, సదువుకున్నోళ్ళు మీరు" అన్నాడు ఆయన. గచ్చిబౌలిలో దిగుతూ జేబులో చెయ్యి పెడితే బావ వద్దన్నాడు.

ఆరున్నరకు గచ్చిబౌలిలో స్టేడియం దాటాక ఒక టిఫిను బండి దగ్గర ఆపాం. లారీ నిలపడానికి చోటుంది, ఇడ్లీ బాగుంటుంది, పల్లీ చట్నీ ఇంకా బాగుంటుంది. ప్లేటు నలభై, టీ పదిహేను. బావ చేతులు కడుక్కుంటుండగా నేను ఫోన్‌లో ఒక వీడియో పెట్టుకుని బండి కిందికి దూరాను. ఆయిల్ ఫిల్టర్ పక్కన చిన్న సెన్సర్, దానికి ఒకటే తీగ. పీకేశాను.

"బావా, తాళం తిప్పి చూడు!"

"ఆరిపోయిందబ్బా!" అన్నాడు బావ క్యాబిన్‌లోంచి.

ఇంజిన్ ఆన్ చేయించాను. అంత వేడి మీద, నిలబడి ఉన్నా, దీపం రాలేదు. "చూశావా? తీగ పీకితే ఆరిందంటే సెన్సరే పాడైంది. వచ్చే వారం కొత్తది కొనేద్దాం, ఇంజిన్‌కేం కాలేదు" అన్నాను. తీగ కొసను మడిచి, నా బ్యాగులోని నల్ల టేపు చుట్టి, పక్కన కట్టేశాను. ఆఫీసులో హెచ్చరిక నోరు నొక్కినప్పుడు ఎంత హాయిగా ఉంటుందో అప్పుడూ అంతే హాయిగా అనిపించింది. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

బావకు మాత్రం మనసు ఒప్పలేదు. "నార్సింగిలో సత్తయ్యని మెకానిక్కు ఉండాడు. పోతాపోతా ఆపుదాం. మీటరు పెట్టి చూస్తాడు, పది నిమిషాల పని" అన్నాడు.

"ఇంజిన్ విప్పాలంటాడు బావా. వాళ్ళ సంగతి తెలీదా? ఎనిమిది లోపల గేటు దగ్గర లేకపోతే నీ చోటు ఇంకొకరికి ఇస్తారు."

బావ "సరేలే. నీకు తెలీందా" అన్నాడు.

ఏడూ ఐదుకు కదిలాం. నానక్‌రామ్‌గూడ దాటి ఔటర్ రింగు రోడ్డు పక్క సర్వీస్ రోడ్డు పట్టుకున్నాం. ఆ దారిలో మొదటిసారి వెళ్ళేవాళ్ళకు రెండు వైపులా అద్దాల మేడలు చూడముచ్చటగానే ఉంటాయి, నేనూ చూస్తూనే కూర్చున్నాను. ఏడూ ఇరవైకి నార్సింగి వచ్చింది. రోడ్డు పక్కన వరసగా రేకుల షెడ్లు, ముందు విప్పిన టైర్లు. బావ బండి వేగం తగ్గించి నా వైపు చూశాడు. నేను చేత్తో ముందుకు పోనిమ్మని చూపించాను. ఆయన పోనిచ్చాడు.

కోకాపేట ఎత్తు ఎక్కుతుండగా బావ కిటికీ అద్దం దించి చెవి బయట పెట్టాడు. "శబ్దం మారిందబ్బా" అన్నాడు.

నాకేమీ వినిపించలేదు. ఒక నిమిషానికి నాకూ వినిపించింది, ఇంజిన్ లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టకటకా. బావ ఆపుతానన్నాడు. "అదుగో గేటు కనిపిస్తోంది, ఇంకో అర కిలోమీటరు. దీపం కూడా లేదు కదా" అన్నాను. దీపం ఎలా ఉంటుంది? దాని తీగకు టేపు చుట్టింది నేనే కదా!

ఏడూ ముప్పై ఆరుకు పెద్ద చప్పుడైంది, క్యాబిన్ అదిరింది, బండి ఎక్కడికక్కడ ఆగిపోయింది. దిగి చూస్తే రోడ్డు మీద నల్లగా ఆయిల్ పారుతోంది. ఇంజిన్ పక్కన పిడికిలి పట్టేంత కన్నం, అందులోంచి విరిగిన ఇనపరాడ్డు ఒకటి బయటికొచ్చి ఉంది. పొగ ఇంకా వస్తోంది. బావ వంగి చూసి, లేచి, వెళ్ళి ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు. "అయిపోయిందిరా" అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

వెనక హారన్లు. ఒక బైక్ ట్యాక్సీ అతను "అన్నా, పక్కకన్న వెట్టరాదే!" అని అరుస్తూ పోయాడు. ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి ఆయిల్ మీద ఇసుక చల్లించాడు. రెండు ట్రాలీ ఆటోలు మాట్లాడి కాయల్ని గేటు దగ్గరికి పంపాం. అపార్ట్‌మెంట్ మేనేజరు మంచివాడు, అయినకాడికి తానే అమ్మిస్తానన్నాడు. క్రేన్ తొమ్మిదీ నలభైకి వచ్చింది. వచ్చిన దారినే, లారీ ముందు చక్రాలు గాల్లో వేలాడుతుండగా, వెనక్కి నార్సింగి పోయాం. ఏ షెడ్డు ముందు ఆపొద్దన్నానో ఆ షెడ్డు ముందే దింపారు.

సత్తయ్యకు యాభై ఏళ్ళుంటాయి. కింద పళ్ళెం పెట్టి మిగిలిన ఆయిల్ తీశాడు, అందులో వేలు ముంచి ఎండలో పట్టుకున్నాడు. వేలి నిండా తళతళమని పొడి.

"బేరింగులు అరిగినయ్, గీ పొడి గదే. అమ్మినోడు చిక్కటి ఆయిల్ వోసి అంటగట్టిండు. చల్లగున్నంతసేపు ప్రెషర్ నిలుస్తది, వేడైతే పల్చనై జారిపోతది. అందుకే సిగ్నల్ కాడ దీపం ఎలిగింది."

"ఆయిల్ నిండా ఉంది కదండీ" అన్నాను.

"ఆయిల్ ఉండుడు వేరు, ప్రెషర్ ఉండుడు వేరు సార్. ట్యాంకుల నీళ్ళుండంగనే నల్లాకొస్తయా?" అన్నాడు. తర్వాత బావ వైపు తిరిగి చెప్పాడు. "ముందుగాల పుల్ల జూడాలె. ఆయిల్ ఉంటె, సెన్సర్ ఇప్పి గా జాగల మీటర్ వెట్టాలె. ముల్లు లేస్తె సెన్సర్ మార్చుకో. లేవకపోతె ఇంజిన్ బంద్ జేసి తాళం జేబుల ఏస్కో. పొద్దుగాల గీడ ఆగినా బేరింగులేసి రెండు దినాలల్ల పంపుతుంటి. ఇప్పుడు బ్లాకే పలిగింది. ఇగ గిది తుక్కే."

ఇది చదివేవాళ్ళు ఆయన చెప్పిన వరస గుర్తుపెట్టుకోండి. మా బావ లారీ ఖరీదు పెట్టి నేర్చుకున్న పాఠం అది.

తర్వాత సత్తయ్య ఫిల్టర్ పక్కన చూసి టేపు చుట్టిన తీగను బయటికి లాగాడు. "ఎవలు పీకిండ్రు గిది?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. తెరిచాననే నా నమ్మకం. ఈలోపే "నేనే పీకినా" అన్నాడు బావ.

"ముప్పై ఏండ్లు బండి నడిపిన అంటివి, గింత తెల్వదా నీకు? తీగ గుంజితే మంచి ఇంజినుకైనా దీపం ఆరుతది, సచ్చే ఇంజినుకైనా ఆరుతది. వైరింగు మంచిగున్నదని తెలుస్తది, గంతే. ఎర్రదీపం ఆర్పి లోడెక్కించి నడుపుతవా?"

షెడ్డులో ఇంకో లారీ డ్రైవరు ఉన్నాడు, ధర్మవరం అతను. బావను చూసి గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. "ఓబులేసన్నా, నువ్వా? నువ్వు ఇట్ల చేస్తివా?" అన్నాడు. బావ తల వంచుకుని నిలబడ్డాడు. ఇంజిన్ పగిలినప్పుడు కూడా ఆయన తల అంతగా వంగలేదు. సాయంత్రానికల్లా ఆ మాట నార్పల చేరుతుందని నాకు తెలుసు. రేపటి నుంచి మళ్ళీ ఎవరి బండో తోలాలి, ఆ తాళాలిచ్చే ఓనర్లందరూ ఈ మాట వింటారు. "కాదు, నేను పీకాను" అనడానికి మూడు మాటలు చాలు. అక్కడ అరగంట నిలబడ్డాను, ఆ మూడు మాటలు రాలేదు. థూ!

మధ్యాహ్నం భోజనం చేయలేదు. రెండూ పదికి నార్సింగిలో షేర్ ఆటో ఎక్కి గచ్చిబౌలిలో దిగాం. అక్కడ మియాపూర్ వైపు పోయే బస్సు దొరికింది. ఆడవాళ్ళకు టికెట్టు లేదు కాబట్టి బస్సు కిక్కిరిసి ఉంది, అయినా వెనక మా ఇద్దరికీ సీటు దొరికింది. ముందు సీటులో ఒకామె బావ చేతుల మీద మసి చూసి "ఏందన్నా, బండి ఖరాబైందా?" అంది. "అవునమ్మా, అయింది" అన్నాడు బావ. ఆమె తన సీసాలో నీళ్ళు ఇచ్చింది. ఆయన తాగాడు, నేను తాగలేదు. పొద్దున చూసిన మేడలే మళ్ళీ కిటికీలోంచి కనిపించాయి. మొత్తం ప్రయాణం పట్టుమని పాతిక కిలోమీటర్లు లేదు. అంత చిన్న దూరంలో ఒక మనిషి ముప్పై ఏళ్ళ పేరు పోవచ్చునని, పోగొట్టినవాడు పక్క సీటులో హాయిగా కూర్చుని ఇంటికి రావచ్చునని నాకు తెలియదు.

కొండాపూర్ దాటాక అక్క ఫోన్ వచ్చింది. బావ ఎత్తి "పాతింజిన్ కదే, పోయింది. ఏం చేస్తాం" అన్నాడు. అవతల అక్క గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. ధర్మవరం అతను అప్పుడే ఎవరికో చెప్పాడు, వాళ్ళు అక్కకు చెప్పారు. బావ ఫోన్ నాకిచ్చాడు.

అక్క ఏడుస్తోంది. "తీగ పీకేసి తోలినాడంట కదా రా! ఇంత కాలం డ్రైవరు చేసి, ఆ మాత్రం తెలీదా ఆ మనిషికి? నువ్వు పక్కనే ఉండావు కదా, వద్దని ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్పానక్కా" అన్నాను. "బావ వినలేదు."

బావ నా భుజానికి భుజం తగిలేంత దగ్గర కూర్చుని విన్నాడు. మదీనాగూడ స్టాపు రాగానే లేచి, జనంలో నాకు దారి చేస్తూ, నా బ్యాగు కూడా తనే పట్టుకుని దిగాడు.