బాబాయి చదవని రాగి డబ్బు

పోయిన శనివారం ఆఫీసులో ఏదో సిస్టమ్ మార్పిడి ఉంది, రావాల్సిందే అంటే తిట్టుకుంటూ చాంగీ బిజినెస్ పార్కుకి బయల్దేరాను. ఎక్స్‌పో స్టేషన్లో దిగి బయటికి రాగానే ఎగ్జిబిషన్ హాలు ముందు ముసలాళ్ళ బారు కనిపించింది. మామూలుగా ఆ హాల్లో సోఫాలూ టీవీలూ తగ్గింపు ధరకి అమ్ముతారు, జనం ట్రాలీలు తోసుకుంటూ పరిగెత్తుతారు. ఈ బారులో పరుగు లేదు. చాలామంది మెడలో తాడుకి భూతద్దం వేలాడుతోంది, చంకలో ఆల్బమ్ ఉంది. ముఖాల్లో మాత్రం ఇరవయ్యోసారి పెళ్ళిచూపులకి బయల్దేరినవాడి నీరసమూ, ఆశా కలగలిసి ఉన్నాయి. లోపల పాత నాణేల అమ్మకమట. బారులో ఒకాయన వెనక్కి తిరిగి తన స్నేహితుణ్ణి, "ఫౌండ్ ఆర్ నాట్?" అని అడిగాడు. ఆయన తల అడ్డంగా ఊపి "నాట్ యెట్ లా" అన్నాడు. ఆ రెండు మాటలూ చెవిన పడగానే మా బాబాయి గుర్తొచ్చాడు. ఆఫీసు సంగతి మర్చిపోయి అక్కడే ఒక స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాను.

బాబాయి మా నాన్నకి ఆఖరి తమ్ముడు. నేను బళ్ళో ఓనమాలు దిద్దుకునే రోజుల్లోనే బందరు నుంచి సింగపూర్ వచ్చి, షిప్‌యార్డులో వెల్డరుగా చేరి, ఫోర్‌మన్ అయి, బెడోక్‌లో ఫ్లాటు కొనుక్కుని స్థిరపడిపోయాడు. పిల్లలు లేరు. పద్దెనిమిదేళ్ళ క్రితం నాకు ఇక్కడ ఉద్యోగం వచ్చినప్పుడు మొదటి రెండేళ్ళూ వాళ్ళింట్లోనే ఉన్నాను. పిన్ని తెలుగులో అప్పటికే పావు వంతు తమిళం, ఇంకో పావు మలయ్ చేరిపోయాయి. తిన్నావా అని అడగడానికి "మకాన్ అయిందా" అనేది. హాల్లో ఒక గోడంతా బాబాయి నాణేల ఆల్బమ్‌లే. వాటిమీద పిన్నికి ఒళ్ళుమంట. డబ్బంటే కూరలు తెచ్చేది, చెల్లని డబ్బుకి అద్దాల బీరువా ఏమిటని ఆవిడ వాదన. ఆ వాదనకి బాబాయి నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా జవాబు చెప్పలేదు. చెప్పి గెలిచే ఆశ ఉంటే కదా.

ప్రతి ఆదివారం పొద్దున్న సిటీలో ఒక పాత షాపింగ్ సెంటర్ కింద, కాఫీ కొట్టులో ఐదారుగురు నాణేల పిచ్చివాళ్ళు చేరేవాళ్ళు. ముందొచ్చినవాడు టిష్యూ ప్యాకెట్టు పడేసి బల్ల చోప్ చేసేవాడు, అంటే మిగతావాళ్ళ కోసం ఆపి ఉంచేవాడు. బాబాయి నన్నూ రెండు మూడు సార్లు వెంటబెట్టుకెళ్ళాడు. అక్కడ నాకు తెలిసిన వింత ఏమిటంటే, దగ్గరున్న నాణేల గురించి ఎవరూ ఎవరినీ అడగరు. అది మర్యాద కాదు. లేనిదాని గురించే అడగాలి. దొరికిందా అనేదే వాళ్ళ నమస్కారం, ఇంకా లేదు అనేదే ప్రతి నమస్కారం. ఒక్కొక్కరికీ ఒక్కో కలల నాణెం ఉండేది. టాక్సీ నడిపి రిటైరైన చైనా అంకుల్ ఒకాయన, బాబాయికి వాళ్ళందరిలోకీ దగ్గరివాడు, ఇక్కడ తెల్లదొరలు ఏలిన స్ట్రెయిట్స్ కాలం నాటి ఒక వెండి డాలరు కోసం చూస్తుండేవాడు. దాదాపు అన్నిటినీ అప్పట్లోనే కరిగించేశారట, తప్పించుకున్నవి ఎక్కడో కొన్ని ఉన్నాయట. ఇంకొకాయనకి అచ్చు తప్పుగా పడిన ఐదు సెంట్ల బిళ్ళ కావాలి. తనదే ఎవరో పొరపాటున ఖర్చు పెట్టేసినట్టు ఆయన హాకర్ సెంటర్ తిండికొట్లలో ఇచ్చిన ప్రతి చిల్లరనీ తిప్పి తిప్పి చూసేవాడు. కలల నాణెం దొరికినవాడు మరుసటి ఆదివారం నుంచి రావడం మానేస్తాడని బాబాయి ఒకసారి చెప్పాడు. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు.

బాబాయి కోరుకున్నది బంగారమూ కాదు, వెండీ కాదు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళ కాలంలో మన జిల్లాల కోసం కొట్టిన రాగి డబ్బు, ఒక పక్క తెలుగు అక్షరాలు ఉన్నది. "మన అక్షరాలు డబ్బు మీద ఉన్న రోజులున్నాయి అమ్మాయ్, ఒక్కసారి చేత్తో పట్టుకుని చదవాలి, అంతే" అనేవాడు. ఇండియాలో కొనుక్కోవచ్చు కదా అంటే, వందేళ్ళు దాటిన నాణేన్ని దేశం దాటించడం నేరమని చెప్పాడు. షిప్‌యార్డులో పనిచేసినన్నాళ్ళూ హెల్మెట్ తియ్యని మనిషి, దొంగతనంగా తెచ్చుకోమంటే తెచ్చుకుంటాడా. ఆన్‌లైన్లో వచ్చేవి ముప్పాతిక మువ్వీసం నకిలీలు. అందుకని ఎప్పుడో ఏ ఓడవాడి మొలలోనో సముద్రం దాటి ఈ ఊళ్ళో చిక్కుకుపోయినది ఒకటి ఉండకపోతుందా అని ఇరవై ఏళ్ళు వెతికాడు. ఇంతలో కళ్ళ జబ్బు వచ్చింది. చుట్టుపక్కలంతా కనిపిస్తూ, సరిగ్గా చూడాలనుకున్న చోట మాత్రం మసక కమ్మే జబ్బు. నిదానంగా ముదురుతుంది, పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పేశాడు. ఆ రోజు నుంచి ఆ నాణేనికి ఒక గడువు ఏర్పడింది. కళ్ళు పనిచేస్తుండగానే దొరకాలి.

దొరికింది. మూసేస్తున్న ఒక సరుకుల కొట్లోంచి చైనా అంకుల్ ఒక బిస్కెట్ డబ్బా నిండా పాత చిల్లర తెచ్చుకుంటే, అందులో నల్లటి మందపాటి బిళ్ళ ఒకటి ఉంది. దానిమీద గుండ్రటి గీతలు చూసి, ఇది మన బ్రదర్ భాషలా ఉందే అనుకుని వెంటనే ఫోన్ చేశాడు. వాళ్ళ గుంపులో ఒక ఆనవాయితీ ఉంది. స్నేహితుడి కలల నాణెం నీ చేతికొస్తే ధర చెప్పకూడదు. అతను తన దగ్గరున్న వాటిలో దేన్ని ఇస్తే ప్రాణం విలవిల్లాడుతుందో దాన్ని అడగాలి. అలాగైతేనే ఇద్దరికీ సమానమట. చైనా అంకుల్ స్ట్రెయిట్స్ వెండి నాణేల ఆల్బమ్ అడిగాడు. మొదటి జీతం నుంచీ ఒక్కొక్కటీ పోగేసుకున్న ఆల్బమ్. బాబాయి అప్పటికప్పుడే తీసి ఇచ్చేశాడు. "వెండి ఇచ్చి రాగి తెచ్చుకున్న మొగుణ్ణి ఈ ప్రపంచంలో నేనొక్కదాన్నే చూశాను" అని పిన్ని ఆ తర్వాతెప్పుడో నాకు ఫోన్లో చెప్పుకుని ఏడ్చినంత పని చేసింది. అది శ్రావణమాసం, గురువారం. మర్నాడు వరలక్ష్మీ వ్రతం.

మనిళ్ళలో కొత్త వస్తువేదైనా ముందు దేవుడి దగ్గర పెట్టి, తర్వాత కదా వాడుకుంటాం. చొక్కా అయితే మెడ దగ్గర పసుపు పెడతాం, ఫోనైతే బొట్టు పెడతాం. బాబాయి కూడా అంతే. చేతికి రాగానే చదివేయొచ్చు. చదవలేదు. ఇరవై ఏళ్ళు ఆగినవాణ్ణి, ఇంకొక్క పూట ఆగలేనా, శుక్రవారం పూజయ్యాక పగటి వెలుగులో తీరిగ్గా చదువుతాను అని, చిన్న ఇత్తడి పళ్ళెంలో అమ్మవారి పటం ముందు పెట్టి కళ్ళ ఆసుపత్రికి వెళ్ళాడు. పిన్ని తమలపాకులకీ పూలకీ లిటిల్ ఇండియా వెళ్ళింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి ఏటా వ్రతానికి ముందు పూజ సామాను తోమే పని నాదే. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, నా దగ్గరున్న తాళంతో తలుపు తీసుకుని, కొంగు బిగించాను.

తోమడంలో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. చింతపండు నానబెట్టి, కాస్త ఉప్పు కలిపి, కొబ్బరి పీచుతో రుద్దితే ఎంత కిలుము పట్టిన రాగైనా దారికొస్తుంది. మా అమ్మ చెయ్యి నాకొచ్చిందని చుట్టాలందరూ అనేవాళ్ళు, ఆ మాట వింటే నాకు ఒళ్ళు పొంగిపోయేది. కుందులు తోమాను, పంచపాత్ర తోమాను, గంట తోమాను. ఇత్తడి పళ్ళెంలో నల్లగా ఒక బిళ్ళ ఉంది. నాణెం దొరికిన సంగతి నాకప్పటికి ఎవరూ చెప్పలేదు. కలశంలో వేసే పాత కాసు కాబోలు, పిన్నికి ఓపిక లేక ఎంత నల్లబడనిచ్చిందో పాపం అనుకున్నాను. దానికి తతిమ్మావాటికంటే ఎక్కువసేపు పట్టింది. రెండుసార్లు పులుపు మార్చాను. దానిమీద అక్షరాలున్నాయేమో నేను చూడలేదు, మురికే చూశాను. చివరికి చిగురు మామిడాకు రంగులో మెరిసింది. తుడిచి, మళ్ళీ పళ్ళెంలో పెట్టి, పసుపూ కుంకుమా కూడా అద్ది వచ్చాను.

మర్నాడు పూజయ్యాక బాబాయి పంచె కట్టుకుని, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, భూతద్దం తుడుచుకుని, "అమ్మాయ్, రా, ఇద్దరం కలిసి చదువుదాం" అని పిలిచాడు. అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. పళ్ళెంలోంచి బిళ్ళ తీసి కంటి దగ్గర పెట్టుకున్నాడు. దూరం పెట్టి చూశాడు. లైటు వెయ్యమన్నాడు. తన కళ్ళదే తప్పనుకున్నాడు పాపం, రెండుసార్లు కళ్ళు నులుముకున్నాడు. తర్వాత పిన్నిని, "ఇది ఎవరైనా ముట్టుకున్నారా?" అని అడిగాడు. "నేనే బాబాయ్, తోమి పెట్టాను" అన్నాను. గొప్పగా చెప్పాను. ఆ గొప్ప తల్చుకుంటే ఇప్పటికీ నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

"చింతపండుతోనా?" అన్నాడు.

"ఊఁ."

భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోప్పడలేదు, కానీ బాధ దాచుకోనూ లేదు. "అరిగిపోయిన డబ్బు కదమ్మా. అక్షరాల సందుల్లో నలుపు ఉంటేనే కంటికి ఆనుతాయి. అది పట్టడానికి రెండు వందల ఏళ్ళు పట్టింది. తోమేశావు" అన్నాడు. పేరంటాళ్ళు తాంబూలాలకి వచ్చే వేళయింది. ఆయన లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. నేను వచ్చినవాళ్ళ కాళ్ళకి పసుపు రాస్తూ కూర్చున్నాను. చేతులకి ఆ పులుపు వాసన వదల్లేదు.

ఆదివారం చైనా అంకుల్ ఇంటికొచ్చాడు, స్నేహితుడు చదివి వినిపిస్తాడని. బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఐయ్యో. హూ వాష్?" అన్నాడు చివరికి. నేను నోరు తెరిచేలోపే బాబాయి, "మీ లా. ఐ వాష్" అని తనమీద వేసుకున్నాడు. పాత నాణేన్ని కడిగినవాణ్ణని ఆ గుంపులో ఒప్పుకోవడమంటే ఎంత సిగ్గుచేటో నాకు తర్వాత తెలిసింది. చాలాకాలం పాటు ఎవరైనా నాణెం బయటికి తీస్తే, దాచెయ్, ఈయన కడిగేస్తాడు అని వేళాకోళం చేసేవాళ్ళట. నాకోసం ఆ మాటలన్నీ పడ్డాడు. నేను చేసిందని చెప్పేస్తానంటే, "నువ్వు చెబితే నాణెం నల్లబడుతుందా?" అన్నాడు.

నల్లబడుతుందని ఆయన నమ్మకం పెట్టుకున్నాడు. రాగి గాలికి మళ్ళీ రంగు తిరుగుతుంది, సందుల్లో నలుపు చేరుతుంది, అప్పుడు చదవొచ్చు. ఇక కళ్ళకీ నాణేనికీ పందెం. బాల్కనీలో పెట్టాడు, పూలకుండీ పక్కన పెట్టాడు, బట్టలు ఆరేసే చోట పెట్టాడు. పెళ్ళయి పుంగ్గోల్ ఫ్లాటుకి మారిపోయిన నేను వారం వారం వెళ్ళేదాన్ని. తలుపు తీయగానే, "చూడు, నల్లబడిందా?" అని చేతిలో పెట్టేవాడు. మొదట్లో మచ్చలు మచ్చలుగా గోధుమ రంగు తేలింది. ఆ తర్వాత ఆయనకి బిళ్ళ అంచు తప్ప కనిపించడం మానేసింది. అప్పుడు బొటనవేలితో చదవడం మొదలుపెట్టాడు. టీవీ వింటూ, కాఫీ తాగుతూ, పిన్ని సణుగుడు వింటూ, ఆ బిళ్ళ మీద వేలు తిప్పుతూనే ఉండేవాడు. వేలి చెమటకి అది ఎప్పటికప్పుడు మెరిసిపోయేది, ఉన్న కాస్త గీతలూ అరిగిపోయేవి. ముట్టుకోకు బాబాయ్ అని చెప్పాలి. ఎలా చెప్పను? ఆయనకి మిగిలిన చూపు ఆ వేలే. "నల్లబడిందా?" అంటే, "బాగా నల్లబడింది బాబాయ్, ఇంకొంచెం ఆగాలి" అనేదాన్ని. తళతళ మెరుస్తున్న బిళ్ళని చేతిలో పట్టుకుని ఆ అబద్ధం ఆరేళ్ళు ఆడాను.

రెండేళ్ళ క్రితం బాబాయి పోయాడు. వాళ్ళ ఫ్లాట్ల బ్లాక్ కింద ఖాళీ జాగాలో, శవపేటిక పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న చైనా అంకుల్ దగ్గరికి వెళ్ళి, ఆ రోజు కడిగింది నేను అని చెప్పేశాను. ఆయన తల ఎత్తకుండా, "ఐ నో లా. హిమ్, వేర్ గాట్ వాష్" అన్నాడు. అతను కడిగే రకమా అని. అన్నేళ్ళూ తెలుసు, అందరిముందూ తెలియనట్టే ఉన్నాడు. పిన్ని ఆల్బమ్‌లన్నీ ఎవరికో ఇచ్చేసి, ఈ ఒక్కటీ నాకు ఇచ్చింది. ఇక్కడి కొత్త ఫ్లాట్లన్నిటిలో ఉండే బాంబు షెల్టర్ గదే మా ఇంట్లో దేవుడి గది. అందులో చివరి అరలో పెట్టాను. దాన్ని తోమేవాళ్ళు లేరు, వేలితో తడిమేవాళ్ళు లేరు.

ఆ శనివారం ఆఫీసు పని ముగించుకుని ఇంటికొచ్చి తీసి చూశాను. నల్లబడింది. బాబాయి అడిగిన నలుపే, అంచు నుంచి అంచు దాకా సమంగా పరుచుకుంది. భూతద్దం పెట్టి చూస్తే చదవడానికి ఒక్క అక్షరం లేదు. కాలానికి మనం అడిగింది ఇవ్వడం వచ్చు గానీ, అడిగినవాళ్ళు ఉండగా ఇవ్వడం రాదు.