ఫోటోల్లేని సంఘానికి ఫ్లెక్సీ

ఈ రోజు మా కోరుట్ల కాలేజీలో ఎల్జీబీటీ విద్యార్థుల సంఘం పెడతామని ప్రిన్సిపాల్ సారుకు దరఖాస్తు ఇచ్చాను. తిడతాడనుకుని నాలుగు రోజులుగా జవాబులు బట్టీ పట్టాను. ఆయన తిట్టలేదు. అంతకంటే పెద్ద గండమే తెచ్చిపెట్టాడు.

"మంచిగనే ఉన్నది. గేటు కాడ ఫ్లెక్సీ కట్టుండ్రి. అందరి ఫోటోలు, పేర్లు, ఊర్లు ఉండాలె" అన్నాడు.

"ఫోటోలొద్దు సార్, ఇండ్లల్ల తెలుస్తది" అన్నాను.

"ఫోటోల్లేకుంట సంఘమేంది? కబడ్డీ టీమోళ్లు ఏసుకోలేదా?"

మేమున్నదే ఐదుగురం. ఆ ఫ్లెక్సీని కథలాపూర్‌లో ఉన్న మా అమ్మ కంటే ముందు దుబాయ్‌లో ఉన్న మా నాన్న వాట్సాప్‌లో చూస్తాడు. లీవు దొరక్క రెండేళ్లుగా రాని మనిషి, దీనికి మాత్రం దొరికిన విమానం ఎక్కి దిగుతాడు.

నేను దరఖాస్తు వెనక్కి తీసుకోబోతుంటే, చాయ్ తెచ్చిన అటెండర్ రాజవ్వ గ్లాసు బల్ల మీద పెట్టి అంది: "నా ఫోటో ఎయ్యిండ్రి సార్. మా ఆయన మస్కట్ పోయి పదకొండేండ్లాయె. ఊరోళ్లు నన్ను అనేటియన్నీ ఎప్పుడో అన్నరు. ఇంక కొత్తగ అనేటందుకు ఏం మిగల్లే."

సారు చాయ్ మొత్తం తాగి, సంతకం పెట్టాడు.

రేపు ఫ్లెక్సీ కడుతున్నాం. అందులో రాజవ్వ ఒక్కతే ఉంటుంది, పట్టుచీరలో, గౌరవాధ్యక్షురాలిగా. మీ ఊరి ఫ్లెక్సీల్లో ఇరవై మంది నాయకులుంటారు కదా, ఇంకొకరి కోసం మాట పడే మనిషి ఒక్కరైనా ఉన్నారేమో చూసి చెప్పండి.