వ్యాగన్ కింది రాయి

గోదావరి ఒడ్డున ఇప్పుడు మా పార్కు ఉన్న జాగల ఒకప్పుడు బొగ్గు బండ్లు నింపే స్టేషన్ ఉండె. రైలు లైనుకు అదే ఆఖరు. పట్టాలన్ని పీకి పూలచెట్లు పెట్టిన్రు. గుర్తుకని ఒక్క పాత వ్యాగన్‌ను మాత్రం, అది పట్టేంత పట్టా ముక్క మీద నిలబెట్టి, నీలం రంగేసి చేపల బొమ్మలు గీసిన్రు.

ఆ స్టేషన్ల పనిచేసి రిటైరైన కాక ఒకాయన రోజూ పొద్దున వాకింగ్‌కు వచ్చెటోడు. వాకింగ్ పేరుకే. సక్కగ వ్యాగన్ కాడికి పోయి, వంగి, చక్రం కింద తను పెట్టిన రాయి ఉందా లేదా అని చూసి, కాలితోటి ఇంకింత లోపలికి నూకెటోడు. అది అయినంకనే చాయ్. ఫోటోలు దిగెటోళ్లను గూడ చక్రం ముందట నిలబడనియ్యకపోయేది.

"గది యాడికి పోతది కాకా? ముందట పట్టానే లేకపాయె!" అని మేమంత నవ్వేది.

"గోదావరి దిక్కు వాలుంది" అనెటోడు, మొకం గంభీరంగ పెట్టి.

ఒకనాడు నేనే ఆ రాయి తీసి చెట్టు ఎనుక దాచిన. కాక వచ్చి వంగి చూసిండు. తిట్టలే. అక్కడనే గడ్డిల కూసున్నడు.

"డ్యూటీల కొత్తగ చేరినప్పుడు నేను గూడ గిట్లనే పరాచికానికి రాయి తీసిన. మా దోస్తు కాలు పోయింది" అన్నడు.

నేను ఉరికిపోయి రాయి తెచ్చి, చక్రం కింద గట్టిగ పెట్టిన. కాక మెల్లగ లేచి, వంగి చూసిండు. కండ్లు తుడుచుకుంట నవ్విండు.

"ఎత్తు దిక్కు పెట్టినవ్ బిడ్డా. బండి ఉరికేది వాలు దిక్కు గదా!"