జాకీని నమ్మని జంగమ్మ

మా పార్కుకు బగ్గీ నడపడానికి వచ్చేవాళ్లలో సగం మందికి సొంత కారు టైరు మార్చుకోవడం రాదు. అయినా ఒకసారి గుట్ట ఎక్కి దిగి, మొహానికి కాస్త బురద పూసుకుని ఫొటో దిగితే చాలు, సాయంత్రానికల్లా వీరులైపోతారు. చిట్యాల దగ్గర హైవే దిగి లోపలికి పోతే గుట్టల మధ్య ఉంటుంది ఈ పార్కు. మూడేళ్ల నుంచి నేను అక్కడ రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. నా పేరు సుచరిత, మాది ఆలేరు. వచ్చినవాళ్ల చేత కాగితం మీద సంతకం పెట్టించడం, హెల్మెట్లు ఇవ్వడం, నవ్వడం నా పని. అన్నిటికన్నా నవ్వడమే కష్టం.

బగ్గీ అంటే ఇద్దరు పక్కపక్కన కూర్చునే చిన్న బండి. చుట్టూ ఇనుప గొట్టాల చట్రం, కింద నాలుగు లావుపాటి చక్రాలు. రోడ్డు మీదికి పనికిరాదు, రాళ్లలో, వాగుల్లో తిరుగుతుంది. అలాంటివి మా దగ్గర ఆరున్నాయి. అవి దారిలో ఆగిపోతే వెళ్లి బాగుచేసేది జంగమ్మ.

జంగమ్మకు యాభై దాటాయి. చీర మీద మగవాళ్ల ఖాకీ చొక్కా వేసుకుంటుంది. భర్త గుర్వయ్యది గొర్రెలు కాసే ఇల్లు. మందను అమ్మేసి హైవే పక్కన పంక్చర్ షాపు పెట్టాడు. తెలంగాణ వచ్చిన మరుసటేడు, వానాకాలంలో, ఒక ట్రాక్టర్ ట్రాలీకి జాకీ ఎక్కించి, రెండు నిమిషాల పనే కదా అని కిందికి దూరాడు. చక్రాలకు రాళ్లు పెట్టలేదు, చట్రం కింద చెక్క మొద్దు పెట్టలేదు. జాకీ పక్కకు ఒరిగింది. నల్లగొండ దవాఖానకు తీసుకుపోయేసరికే ప్రాణం పోయింది.

ఈ సంగతి ఆమె ఒకరోజు సద్ది తింటూ చెప్పింది. కంట్లో తడి లేదు, కోపం ఉంది.

"ఎన్నిమాట్ల చెప్పిన, మొద్దు వెట్టు, రాయి వెట్టు అని. ఇంటడా? నాకు తెల్వదా అనేటోడు. ఏం తెల్సు? బొంద తెల్సు!"

"అట్లా అనకు పెద్దమ్మా. పోయినాయన" అన్నాను.

"పోయిండు గాబట్టే అంటున్న. బతికుంటే కొడుదును."

ఆయన పోయాక షాపు మూసెయ్యమని మరుదులు చెప్పారు. ఆడమనిషి రోడ్డు మీద జాకీ ఎత్తడమేమిటని ఊళ్లో మాట్లాడుకున్నారు. ఆ మాట అన్నవాళ్లలో ఒక్కడూ ఆమె ఇంటికి గుప్పెడు బియ్యం పంపలేదు. పదో రోజు దాటగానే ఆమె షాపు తెరిచింది. మొదటిరోజే వచ్చిన లారీ డ్రైవరు, "ఇంట్ల మొగోళ్లు లేరా?" అని అడిగాడట.

"ఉండె. గీ జాకీ కిందనే పోయిండు. నువ్వు పోతవా?" అందట ఈమె.

ఆరేళ్లు ఆ షాపు నడిపింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ జాగా పోయింది. అప్పుడు మా పార్కులో చేరింది. రిజిస్టరులో ఆమె ఉద్యోగం ‘క్లీనింగ్’ అని రాశారు. చదువురాని ఆడమనిషిని మెకానిక్ అని రాస్తే వచ్చే కస్టమర్లు భయపడతారని మా మేనేజరు సతీశ్ అభిప్రాయం.

సతీశ్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది, కానీ చెప్పక తప్పదు. హైదరాబాద్ నుంచి వచ్చాడు. జేబులు పద్నాలుగున్న ప్యాంటు వేసుకుంటాడు, ఒక్క జేబులోనూ పనికొచ్చే వస్తువుండదు. ఇంట్లో కూర్చుని ఫోనులో నేర్చుకున్న సేఫ్టీ కోర్సు సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టించి నా టేబుల్ వెనకే వేలాడదీశాడు. చేరిన కొత్తలో మా అందరినీ కూర్చోబెట్టి గోడ మీద బొమ్మలు చూపిస్తూ గంటసేపు క్లాసు చెప్పాడు. చివర్లో, ఏమన్నా సందేహాలున్నాయా అన్నాడు.

జంగమ్మ చెయ్యెత్తింది. "సారూ, మీరు ఎన్నడన్న జాకీ ఎక్కిచ్చిండ్రా?"

సతీశ్ టీ తాగుదాం పదండి అన్నాడు.

రెండేళ్ల కిందటి ఆగస్టులో, ఒక ఆదివారం, ఒక కంపెనీవాళ్లు వచ్చారు. వాళ్ల బగ్గీల్లో ఒకటి గుట్ట దిగుతుంటే పదునైన రాయి తగిలి ముందు ఎడమ టైరు చీలింది. ఫోన్ రాగానే సతీశ్ ఇంకో బగ్గీ తీశాడు. పార్కు పేజీలో పెట్టడానికి వీడియో తియ్యమని నన్ను ఎక్కించుకున్నాడు. వెనక ట్రేలో అదనపు చక్రం, జాకీ, తాడు వేసుకుని జంగమ్మ కూర్చుంది.

వెళ్లి చూస్తే బండి వాలులో ఉంది. పొద్దున కురిసిన వానకు నేల మెత్తగా నానిపోయింది. నడిపిన కుర్రాడు దిగి సిగరెట్ కాలుస్తున్నాడు. పక్క సీట్లో అతని దోస్తు దిగకుండా ఫోను మొహానికి ఎదురుగా పట్టుకుని, అడవిలో చిక్కుకుపోయామని ఎవరికో చెబుతున్నాడు. అక్కణ్నుంచి చూస్తే మా క్యాంటీన్ రేకులు కనబడుతున్నాయి.

సతీశ్ నేరుగా జాకీని బురదలో నిలబెట్టి బండి పొట్ట కిందికి తోశాడు.

"సారూ, ఆగుండ్రి. కింద పలకరాయి ఎయ్యకుంటే జాకీ నేలల దిగుతది" అంది జంగమ్మ. "మీరు పెట్టిన కాడ ఇనుము లేదు, ప్లాస్టిక్ ఉంది. ముందుగాల ఆ పిలగాన్ని దింపుండ్రి."

"జంగమ్మా, కస్టమర్ల ముందర కాదు. జర పక్కకుండు" అన్నాడు సతీశ్. తర్వాత నా వైపు తిరిగి, "తీస్తున్నవా?" అని అడిగాడు.

తీస్తూనే ఉన్నాను. అది నా తప్పే.

అతను జాకీ ఎత్తడం మొదలుపెట్టాడు. ఈ బండ్ల తీరు వేరు. గుంతల్లో దూకడానికి వీలుగా చక్రాల దగ్గర పొడవాటి స్ప్రింగులుంటాయి. బండి పైకి లేస్తుంది గానీ, స్ప్రింగు సాగి చక్రం మాత్రం నేల మీదే ఉంటుంది. ఆ సంగతి అతనికి తెలియదు. చక్రం లేవడం లేదని ఇంకా ఎత్తాడు, ఇంకా ఎత్తాడు. జాకీ చివరిదాకా వచ్చింది. ఏమి అడ్డుపడుతోందో చూద్దామని మోకాళ్ల మీద వంగి తల, భుజం లోపలికి పెట్టాడు.

జంగమ్మ ఎవరినీ అడగలేదు. అదనపు చక్రాన్ని దొర్లించుకుంటూ వచ్చి, అతని పక్కనే పడుకోబెట్టి, కాలితో చట్రం కిందికి తోసింది. సీట్లో ఉన్నవాడు మంచి కోణం కోసం పక్కకు జరిగాడు. జాకీ బురదలోకి కుంగి, ఒరిగి, ఒక్కసారిగా ఎగిరి బయటపడింది. బండి దబ్బున కిందికి వచ్చి ఆ చక్రం మీద ఆగింది.

చట్రానికీ నేలకూ మధ్య జానెడు పైన సందు మిగిలింది. ఆ సందులోనే సతీశ్ తల ఉంది. చొక్కా భుజం మాత్రం చిరిగింది. కాళ్లు పట్టి లాగితే వచ్చాడు. అతనికి ఏమైనా తగిలిందా అని నేను చూస్తుంటే, సీట్లో ఉన్నవాడు, "నా ఫోన్ కింద పడింది" అన్నాడు.

"దిగు" అంది జంగమ్మ. అప్పుడు దిగాడు.

ఆ తర్వాత ఆమె చేసింది చూస్తూ మేమంతా నిలబడిపోయాం. మిగతా మూడు చక్రాలకు, వాలు ఎటుంటే అటు, బరువైన రాళ్లు పెట్టింది. వెనక గొట్టానికి తాడు కట్టి పైనున్న మోదుగ చెట్టుకు బిగించింది. చక్రం నేల మీద ఉండగానే దాని నట్లు వదులు చేసింది. చక్రాన్ని పట్టుకున్న ఇనుప చేతిని పై చట్రానికి పగ్గంతో గట్టిగా కట్టింది, స్ప్రింగు సాగకుండా. పలకరాయి తెచ్చి పరిచి, దాని మీద జాకీ నిలబెట్టి, ప్లాస్టిక్ వదిలేసి ఇనుప గొట్టం కింద ఆనించింది. నాలుగుసార్లు ఎత్తేసరికి చక్రం నేల వదిలింది. చీలిన చక్రాన్ని ఊడదీసి చట్రం కింద పడుకోబెట్టి, ఆ తర్వాతే అక్కడున్న అదనపు చక్రాన్ని బయటికి లాగి ఎక్కించింది. అంతసేపూ ఆమె చెయ్యి తప్ప ఒళ్లు బండి కిందికి పోలేదు.

సతీశ్ ఆమెకు కృతజ్ఞత చెబుతాడనుకున్నారా? వారం తిరిగేసరికి గేటు దగ్గర పెద్ద బోర్డు లేచింది. ఇంగ్లీషులో ఆరు సేఫ్టీ నియమాలు, పక్కన చేతులు కట్టుకున్న సతీశ్ ఫొటో. జంగమ్మ నన్ను పిలిచి చదివి చెప్పమంది. జాకీతో బండి ఎత్తాలి, తర్వాత నట్లు వదులు చెయ్యాలి, తర్వాత కిందికి వెళ్లి పరీక్షించాలి అని ఉంది. రాళ్ల మాట గానీ, చట్రం కింద ఆధారం మాట గానీ ఎక్కడా లేదు.

ఆమె ఇంకోసారి చదవమంది.

"లేపినంక నట్లు గుంజుతే బండి ఊగి జాకీ మీదికెల్లి పడుతది. గిది సదివి చేసినోడు సస్తడు" అంది. లోపలికి వెళ్లి ఆరు బగ్గీల తాళంచెవులు తీసుకుని కొంగున కట్టుకుని, బోర్డు కిందే కూర్చుంది.

అది మళ్లీ ఆదివారమే. బుక్ చేసుకున్నవాళ్లు వచ్చి నిలబడ్డారు. సతీశ్ బతిమాలాడు, తర్వాత అరిచాడు, తర్వాత ఓనరుకు ఫోన్ చేశాడు. హైదరాబాద్ నుంచి ఓనరు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆయన ప్లాట్లమ్మే మనిషి. బండ్ల గురించి ఏమీ తెలియదు, కానీ ఎవరు భయపడుతున్నారో కనిపెట్టడం తెలుసు.

"ఏందమ్మా నీ లొల్లి?" అన్నాడు.

"లొల్లి లేదు సారూ. బోర్డుల రాసినట్టే సారు ఒక్కపారి చేసి సూపియ్యాలె. జాకీ ఎత్తి, నట్లు ఇప్పి, కిందికి పోవాలె. సూపిచ్చినంక తాళాలిస్త, నేను ఇంటికి పోత."

ఓనరు సతీశ్ వైపు చూశాడు. సతీశ్ బండి వైపు చూశాడు. బూట్లు బాగాలేవన్నాడు, నడుం నొప్పి అన్నాడు, థియరీ వేరు ప్రాక్టికల్ వేరన్నాడు. అందరూ వింటుండగా నేను అప్పటిదాకా దాచిన ఆ రోజు వీడియోను ఓనరు చేతికిచ్చాను. ధైర్యంతో కాదు, సతీశ్ మొహం చూడాలనే కసితో ఇచ్చాను. ఓనరు రెండుసార్లు చూసి, "బోర్డు దించున్రి" అన్నాడు.

దించారు. సతీశ్ నెలలోపే ఇంకో రిసార్టుకు వెళ్లిపోయాడు. అక్కడ సేఫ్టీ హెడ్ అట. వాళ్ల కర్మ.

ఇప్పుడు గైడుగా చేరే ప్రతివాడూ మొదటి నాలుగు రోజులు జంగమ్మ దగ్గర ఉండాలి. ఆమె ఎవరినీ పొగడదు. డిగ్రీ ఉన్నవాళ్లను ఇంకొంచెం ఎక్కువ తిడుతుంది. మొన్న నేనూ నేర్చుకుంటానన్నాను. రాళ్లు పెట్టాను, నట్లు వదులు చేశాను, పలకరాయి మీద జాకీ నిలబెట్టి ఎత్తబోయాను.

"ఆగు" అంది. వెళ్లి ముందు చక్రం దగ్గర నేను పెట్టిన రాయిని కాలితో తన్నింది. అది దొర్లిపోయింది.

"గిది రాయా, గోలిగుండా? పో, ఇంకోటి తే."

తేవడానికి వెళ్లాను.