మూడో అంతస్తు కిటికీ

అతన్ని అందరూ పళ్ల మేస్త్రి అనే పిలుస్తారు. కట్టుడు పళ్లు చేసే ల్యాబులో ఇరవై రెండేళ్లుగా పని. పళ్ల డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి డబ్బాల్లో పెట్టి పంపిస్తారు. అచ్చులో ప్లాస్టర్ పోసి దవడ తీయడం, మైనంతో చిగుళ్లు కట్టడం, ఒక్కో పన్నునూ వరసలో కూర్చి అరగదీసి మెరుగు పెట్టడం అతని వంతు. నోట్లో పెట్టుకున్నాక అది పరాయిదని నాలిక్కి తెలియకూడదు, అదీ పనితనమంటే, అని కొత్తగా చేరినవాళ్లకు చెప్పేవాడు.

నిజానికి అతను పళ్ల డాక్టరే కావలసినవాడు. రెండో ఏడు మధ్యలో చదువు ఆగిపోయింది. ఎందుకు ఆగిందని ఎవరైనా అడిగితే ఒకసారి ఇంట్లో ఇబ్బందులనేవాడు, ఒకసారి ఒంట్లో బాగోలేకనేవాడు. అసలు సంగతి ఏమిటంటే, రెండుసార్లు పరీక్ష తప్పి, మూడోసారి హాలు గుమ్మం దాకా వెళ్లి, లోపల వరసగా వేసిన బల్లలు చూసి వెనక్కి వచ్చేశాడు. అది భార్యకు ఒక్కదానికే తెలుసు.

నలభై ఆరో ఏట నడుం పట్టేసి మూడు వారాలు మంచమెక్కాడు. చూడ్డానికి వచ్చిన తమ్ముడు తన పాత వీడియో గేమ్ కన్సోల్ తెచ్చి టీవీకి తగిలించాడు. "సీలింగు చూస్తూ పడుకుంటే పిచ్చెక్కుతుంది అన్నయ్యా. దీంతో కాస్త కాలక్షేపం చెయ్యి" అన్నాడు. మేస్త్రి మొహమాటానికి అందులోని ఒక ఆట మొదలుపెట్టాడు. పద్దెనిమిదో రోజున ఆ ఆట అయిపోయింది. నల్లటి తెర మీద దాన్ని తయారుచేసినవాళ్ల పేర్లు కిందినుంచి పైకి పోతుంటే, అతను నడుం నొప్పి మర్చిపోయి లేచి కూర్చున్నాడు. ఒకదాన్ని మొదలుపెట్టి చివరంటా చేశాడు! పక్కగదిలో ఉన్న భార్యను కేకేసి మరీ చూపించాడు. ఆవిడ తడిచేతులతో వచ్చి, ఆ పేర్లన్నీ అయ్యేదాకా నిలబడి చూసి, "బావుంది" అంది.

వాళ్ల వీధి చివర ఉన్న లైబ్రరీలో పుస్తకాలతో పాటు గేమ్ డిస్కులు కూడా ఇంటికిస్తారు. నెలనెలా ఎనిమిది పేజీల చిన్న పత్రిక కూడా వేస్తారు. మేస్త్రి ఓ రోజు తాను పూర్తిచేసిన ఆట గురించి అరపేజీ రాసి లైబ్రేరియన్‌కు చూపించాడు. ఆవిడ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని చదివి, "ప్రతి నెలా రాస్తారా?" అని అడిగింది. అలా 'ఈమధ్య పూర్తిచేసినవి' అనే శీర్షిక మొదలైంది.

బాగా రాసేవాడు. 'ఈ ఆటలో గుర్రం కంటే గుర్రం అలసట బాగా కుదిరింది' అని రాశాడొకసారి. 'రాక్షసుణ్ణి చంపాక ఎవరూ చప్పట్లు కొట్టరు. వాడి కుక్క వచ్చి శవం పక్కన కూర్చుంటుంది. నేను కంట్రోలర్ కింద పెట్టేసి కాసేపు బయట తిరిగొచ్చాను' అని మరోసారి. జనం చదివేవారు. కూరగాయల కొట్టు దగ్గర ఎవరో ఆపి, "మేస్త్రి గారూ, అంతంత పొడుగు ఆటలు ఎలా పూర్తిచేస్తారండీ? మావల్ల కాదు బాబూ" అనేవారు. ఆ మాట విన్న రోజు అతని నడక వేరుగా ఉండేది.

మొదటి ఏడాది రాసినవన్నీ నిజంగా పూర్తిచేసినవే. రెండో ఏడు ఒక మంచు కోట ఆటలో ఇరుక్కున్నాడు. ఇరవై ఆరుసార్లు ఓడిపోయాడు. పత్రిక అచ్చుకు వెళ్లే రోజు నెత్తిమీదికొచ్చింది. 'చివరి ఘట్టం ఊపిరాడనివ్వదు' అని రాసి ఇచ్చేశాడు. నెల రోజులు ఎవరు పట్టుకుంటారోనని ఎదురుచూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత ఇంకొకటి. సగం ఆడి, మిగతా సగం ఊహించి రాసేవాడు. మైనంతో లేని చిగురును కట్టే చేతులు కదా, ఎక్కడా అతుకు కనపడేది కాదు.

అలా రాసినవాటిలో 'వరద తర్వాత' అనే ఆట ఒకటి. నీట మునిగిన ఊళ్లో ఓ అమ్మాయి పడవేసుకుని వాళ్లమ్మను వెతుక్కుంటూ తిరుగుతుంది. దారిలో నీళ్లమీద తేలే వస్తువులు, ఒక చెప్పు, ఒక గడియారం, ఒక ఊయల తాడు, ఏరి ఎవరివి వాళ్లకిచ్చి వాళ్లమ్మ జాడ అడుగుతుంది. మేస్త్రి మూడో వంతు ఆడి వదిలేశాడు. అయినా రాశాడు. 'చివర్లో గడియారస్తంభం మూడో అంతస్తులో ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఆ చెయ్యి ఎవరిదో మనకు వెంటనే తెలిసిపోతుంది. యాభైకి దగ్గరపడ్డవాణ్ణి, సిగ్గుపడకుండా ఏడ్చాను.'

ఆ సంచిక వచ్చిన ఏడెనిమిది నెలలకు ఒక మధ్యాహ్నం అతను లైబ్రరీలో డిస్కుల అర దగ్గర నిలబడి ఉంటే, అరవై దాటిన ఒకావిడ దగ్గరికొచ్చింది. బస్సు కండక్టరుగా చేసి రిటైరైందట. నిలబడే తీరు చూస్తే ఇప్పటికీ బస్సు కుదుపుకు సిద్ధంగా ఉన్నట్టే ఉంది.

"పళ్ల మేస్త్రి గారంటే మీరేనా? మీకోసం మూడుసార్లు వచ్చానండీ. ఆ కిటికీ ఎలా తెరుచుకుంటుందో చెప్తారా?"

అతనికి మొదట అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. ఆవిడా, వాళ్లక్కా ఇద్దరే ఉండేవారు. అక్కకు పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయింది. చేతికి పని చెప్పాలని డాక్టరు అంటే కన్సోల్ తెచ్చుకున్నారు. ఒకే కంట్రోలర్. ఎడమవైపు అక్క పట్టుకుని పడవ నడిపేది, కుడివైపు చెల్లెలు పట్టుకుని వస్తువులు ఏరేది.

"పొద్దస్తమానం దెబ్బలాటేనండి. 'అటు పోనియ్యవే' అంటే 'నువ్వు సరిగ్గా నొక్కవే' అనేది. సగం దాకా వచ్చాం. అంతలో మళ్లీ వచ్చింది ఆవిడకి. ఆస్పత్రిలో మాట సరిగ్గా వచ్చేది కాదు. చివరికి వాళ్లమ్మ దొరుకుతుందా అని సైగ చేసి అడిగేది. మీరు రాసింది గుర్తొచ్చి, ఇంటికెళ్లి ఆ కాగితం తెచ్చి చదివా. కిటికీ దగ్గరికి రాగానే నవ్వింది. 'నే చెప్పలా' అంది. అది మాత్రం చక్కగా పలికింది. నాలుగోరోజు పోయింది."

మేస్త్రి చేతిలో డిస్కు డబ్బా అలాగే ఉంది.

"తర్వాత నేనొక్కదాన్నే ఆడానండి. కిటికీ తెరుచుకోలేదు. నాదే ఏదో పొరపాటనుకుని మళ్లీ మొదటినుంచి ఆడా. రెండుసార్లు. ఏం వదిలేశానంటారు?"

చెప్పాల్సింది అప్పుడే. అతనికీ తెలుసు. నోరు తెరిచాడు కూడా. కానీ ఎదురుగా ఆవిడ చిన్న నోటుపుస్తకం తీసి, పెన్ను మూత పళ్లతో లాగి, రాసుకోవడానికి సిద్ధంగా నిలబడింది. అతని నోటివెంట వేరే మాట వచ్చింది.

"వస్తువులమ్మా. అన్నీ ఇచ్చెయ్యాలి. ఎవరివి వాళ్లకి. ఒక్కటి కూడా మిగలకూడదు."

"అన్నీనా? నూట నలభై మూడుంటాయి కదండీ!"

"అన్నీ."

ఆవిడ రాసుకుంది. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి వెళ్లింది. ఆ దణ్ణం అతనికి చెంపదెబ్బలా తగిలింది.

ఆ వారం ల్యాబులో ఒక పై పళ్ల సెట్టును ఎంత అరగదీశాడంటే అద్దంలా పలచబడి చేతిలోనే విరిగింది. ఇరవై రెండేళ్లలో అలా ఎప్పుడూ జరగలేదు. ఇంటికెళ్తూ లైబ్రరీ నుంచి 'వరద తర్వాత' తెచ్చుకున్నాడు. ఆదివారం పొద్దున్నే కూర్చుని, వదిలేసిన చోటినుంచి ఆడాడు. అలా వరసగా మూడు ఆదివారాలు.

వాళ్లమ్మ దొరకదు. గడియారస్తంభంలో ఎవరూ ఉండరు. చివరికి ఆ అమ్మాయి, అదే ఊళ్లో అన్నను వెతుక్కుంటున్న ఒక ముసలాయనకు తన పడవ ఇచ్చేసి, చెప్పులు చేత పట్టుకుని కొండ మీదికి నడిచిపోతుంది. వెనక్కి తిరిగి చూడదు. అంతే. తాను అల్లిన కిటికీ ఎంత చవకబారుదో మేస్త్రికి అప్పుడర్థమైంది. ఆ చెప్పులు చేత పట్టుకోవడం గురించి ఒక పేజీ రాయగలిగేవాడు. రాయవలసినవాడు.

బట్టలు మడతపెడుతున్న భార్య అంది. "ఇది పోయినేడు రాసిందే కదా. ఇప్పుడు ఆడుతున్నారేం?"

అతను తలెత్తలేదు. "నీకు తెలుసా?"

"ఇంట్లో టీవీ ఒకటే కదండీ. మీరేది ఎంత ఆడారో నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"మరి అడగలేదేం?"

ఆవిడ దుప్పటి కొసలు కలిపింది. "అందరూ పొగుడుతుంటే మీ మొహం వెలిగిపోయేది. ఏమని అడగను?" అంది.

అన్నాళ్లూ ఎవరికీ తెలియకుండా ఏదో నెట్టుకొస్తున్నానని అనుకున్నాడతను. తన పక్కనే ఒక మనిషి చూస్తూ, చూడనట్టు నటిస్తూ వచ్చిందన్నమాట. అతనికి ఇల్లంతా ఇరుకైపోయింది. లైబ్రేరియన్‌ దగ్గర చిరునామా తీసుకుని ఆ సాయంత్రమే కండక్టరమ్మ ఇంటికి వెళ్లాడు.

రెండో అంతస్తులో చిన్న వాటా. తలుపు తీసిన ఆవిడ అతన్ని చూసి సంబరపడింది. మణికట్టుకు క్రేప్ బ్యాండేజీ చుట్టి ఉంది. "రండి రండి! నూట పద్దెనిమిది అయ్యాయండీ. పాతిక మిగిలాయి. ఆ ఊయల తాడు ఎవరిదో మాత్రం పట్టుబడట్లేదు" అంటూ కుర్చీ లాగింది. టీవీ ముందు రెండు కుర్చీలు పక్కపక్కనే ఉన్నాయి. ఎడమవైపు దానిమీద దిండు కూడా తియ్యలేదు.

అతను కూర్చోలేదు.

"అమ్మా, కిటికీ లేదు."

"అంటే?"

"ఆటలో లేదు. నేను చివరిదాకా ఆడకుండా రాశాను. కల్పించాను. మొన్న లైబ్రరీలో వస్తువులన్నీ ఇమ్మని చెప్పానే, అదీ కల్పనే."

తెర మీద పడవ నీళ్లలో ఊగుతూనే ఉంది.

"మొన్నకూడానా?" అంది.

అతను తలూపాడు. మొదటి అబద్ధం కంటే రెండోదే ఆవిడకు ఎక్కువ గుచ్చుకుందని కనపడుతూనే ఉంది.

"మా అక్కకి నేను జన్మలో అబద్ధం చెప్పలేదండీ. ఆస్పత్రిలో డాక్టర్లు దాచమన్నా దాచలేదు. అలాంటిది ఆఖరికి నా నోటితోనే చెప్పించారు మీరు." గొంతు పెరగలేదు. "పోనీ మిమ్మల్ని నోరారా తిట్టుకుందామంటే, అక్క నవ్వింది కదా. ఆ నవ్వు మీవల్లే కదా. దాన్ని ఏం చేసుకోమంటారు ఇప్పుడు నన్ను?"

క్షమించమని అడగాలని వచ్చాడు గాని, ఆ మాట ఆవిడ మీద ఇంకో బరువు మోపడమేననిపించి మింగేశాడు.

"వెళ్లండి" అందావిడ.

మర్నాడు సెలవు పెట్టి ఒక కాగితం రాశాడు. ఇప్పటిదాకా రాసినవి ముప్పై ఒకటి. అందులో తొమ్మిది పూర్తిచేయనివి. తొమ్మిదింటి పేర్లూ వరసగా రాసి, ఏది ఎక్కడ ఆపేశాడో, ఆపై ఏం కల్పించాడో రాశాడు. చదివి లైబ్రేరియన్ ఇబ్బందిగా కదిలింది.

"ఇంత అవసరమంటారా? 'పొరపాట్లు దొర్లాయి' అని ఒక్క ముక్క వేస్తే సరిపోతుంది కదా."

"దొర్లలేదండీ. నేనే చేశాను. అలాగే వెయ్యండి."

వేశారు. ఆ నెలంతా అతను తలొంచుకునే తిరిగాడు. కూరగాయల కొట్టు దగ్గర ఎవరూ ఆపలేదు. ఒక పళ్ల డాక్టరు డబ్బా పంపుతూ, "మేస్త్రీ, ఈ సెట్టు నిజంగా పూర్తిచేస్తావా, చేశానని రాసి పంపిస్తావా?" అని చీటీ పెట్టాడు. ల్యాబులో అందరూ పడీపడీ నవ్వారు. అతనూ నవ్వబోయాడు గాని కుదరలేదు. తమ్ముడు ఫోన్ చేసి, "ఆటలే కదా అన్నయ్యా, దీనికింత రాద్ధాంతమేంటి?" అన్నాడు. ఆటలే. కానీ అతనికి రోజూ గుర్తొచ్చేవి ఆటలు కావు, ఆ నోటుపుస్తకం, ఆ పెన్ను మూత.

నాలుగు నెలలు ఆ శీర్షిక రాలేదు. ఐదో నెల పత్రికలో మళ్లీ కనపడితే, అతను లైబ్రరీ మెట్ల మీదే నిలబడి చదివాడు. రాసింది కండక్టరమ్మ. 'నూట నలభై మూడూ ఇచ్చేశాను. ఏ కిటికీ తెరుచుకోలేదు. తెరుచుకోదని తెలిసే ఇచ్చాను. ఊయల తాడు పిండిమర కొట్టాయనది. అందరికంటే ఆలస్యంగా దొరికాడు. తాడు చేతిలో పెడితే ఏమీ అనడు, దాన్ని చుట్టగా చుట్టుకుంటూ కూర్చుంటాడు. పడవ ఒంటరిగా నడపడం కష్టం. మా అక్క నడిపితే గోడలకు తగిలేది, నేను నడిపితే తగలదు. తగిలితేనే బావుండేది.' మేస్త్రి ప్రస్తావన అందులో ఎక్కడా లేదు. ఒక్క తిట్టు కూడా లేదు. అతను రెండుసార్లు చదివాడు.

ఇప్పుడు ఆ శీర్షిక ఆవిడదే. నెలనెలా వస్తుంది. మేస్త్రి ఆడటం మానలేదు, రాయడం మానేశాడు. ప్రస్తుతం కొండలెక్కే చిన్న ఆట ఒకటి ఆడుతున్నాడు. రెండు నెలలుగా మూడో కొండ దగ్గరే ఉన్నాడు. ఎంతదాకా వచ్చారని లైబ్రేరియన్ అడిగితే, "మూడో కొండండీ, పడిపోతున్నాను" అని చెప్తాడు. చెప్పిన ప్రతిసారీ మొహం కాస్త ఎర్రబడుతుంది.

కండక్టరమ్మ అప్పుడప్పుడు అదే వేళకు వస్తుంది. ఆవిడ అతనితో మాట్లాడదు. డిస్కుల అర ముందు ఇద్దరూ నిలబడాల్సి వచ్చినప్పుడు అతను పక్కకు జరిగి చోటిస్తాడు. ఆవిడ తనకు కావలసింది తీసుకుని వెళ్తుంది. మొదట్లో ఆవిడ గొంతు వినపడితే వెనక తలుపులోంచి జారుకునేవాడు. ఇప్పుడు జారుకోవడం లేదు. ఆవిడ వెళ్లేదాకా చూపు నేలమీదే పెట్టుకుని, ఉన్నచోటే నిలబడతాడు.